దసూకి లేతుకు పేరు మార్చిన రోజు

జావా దీవిలో తెగల్ అనే ఊళ్ళో దసూకి ఉండే సందులో పదకొండు ఇళ్ళు. అందులో ఆరింటి ముందుగదిలో లేతు మిషన్లు. చుట్టాలొస్తే మిషన్ పక్కన ఇనుప రజను ఊడ్చి చాప పరుస్తారు. పిల్లనడగడానికి వచ్చినవాళ్ళయినా సరే, కింద రాలిన ఇత్తడి చుట్టలు గుచ్చుకోకుండా చూసుకుని కూచోవాల్సిందే.

దసూకి లేతు మిగతా అయిదింటికన్నా పెద్దది, పాతది. అతను పదహారో ఏట చక్కెర మిల్లు రిపేరు షెడ్డులో చేరాడు. చేరిన రోజు నుంచీ ఆ లేతు మీదే పని నేర్చుకున్నాడు. మిల్లు మూతపడ్డప్పుడు మిగతావాళ్ళు రేకులూ, తలుపులూ, గడియారాలూ పట్టుకుపోయారు. దసూకి మాత్రం తూకానికి పోతున్న లేతు కావాలన్నాడు. చెరకు లారీ మీద ఇంటికి తెచ్చాడు. గుమ్మంలో పట్టలేదు. ముందు గోడ పగలగొట్టి, లేతును లోపల పెట్టి, మళ్ళీ గోడ కట్టేశాడు. అప్పటికి పెళ్ళయి నాలుగు నెలలు. "నన్ను తెచ్చినప్పుడు గుమ్మానికి మామిడాకు కూడా కట్టలేదు, దీనికోసం గోడే పడగొట్టాడు" అని అతని పెళ్ళాం తర్సినా ఇప్పటికీ అంటుంది.

మొదటిసారి స్విచ్చి వేస్తే సందంతా అదిరింది. అందుకని దానికి క్యై గుంతుర్ అని పేరు పెట్టాడు. గుంతుర్ అంటే ఉరుము. క్యై అనేది రాజులనాటి కత్తులకీ, పూజలందుకునే గాంగులనే కంచు గంటలకీ ముందు తగిలించే మాట. "మరీ అంత పేరా?" అని తర్సినా తల్లి అప్పుడే మూతి విరిచింది. మూతి విరిచినా, పెద్దమనిషి కాబట్టి ఒక పద్ధతి మాత్రం పెట్టి పోయింది. ముప్ఫై అయిదు రోజులకోసారి శుక్రవారమూ, జావావాళ్ళ అయిదురోజుల వారంలో వచ్చే క్లివోన్ రోజూ కలిసొస్తాయి. ఆ ముందు సాయంత్రం గులాబీ, మల్లె, సంపెంగలాంటి కెనాంగా పూలు నీళ్ళగిన్నెలో వేసి, లేతు ఎడమ చివర ఇత్తడి ముక్కని పట్టి తిప్పే చక్ ముందర పెట్టాలి. పూలు వాడేదాకా గిన్నె కదపకూడదు. అత్త పోయింది, పద్ధతి మిగిలింది.

లేతు ఇంటికొచ్చాక ఇరవై ఎనిమిదేళ్ళుగా దాని మీద దసూకి చేసింది దాదాపు ఒకటే వస్తువు. చేపల పడవల్లో ప్రొపెల్లరు కడ్డీకి వేసే ఇత్తడి బుష్షు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. ఒక చివర అంచు, అంచుకి కాస్త ఇవతల రబ్బరు రింగు కూచోడానికి ఒక గాడి. గాడి ఉండాల్సిన చోట లేకపోతే పడవలోకి నీళ్ళొస్తాయి. దసూకి గాడి తప్పిన రోజు లేదు. రేవులో ఇంజన్లు బాగుచేసే కస్ముది కొలవకుండా తీసుకునే బుష్షులు ఊరు మొత్తమ్మీద ఇవే.

పోయిన వానాకాలంలో దసూకి కుడి భుజం పట్టేసింది. చొక్కా తొడుక్కోవాలంటే తర్సినా చెయ్యి పట్టి లాగాలి. ఆ పాతకాలపు లేతుకి టూలు మోసే బండిని నడిపే చక్రం కుడి చివర, పొడుగాటి స్క్రూ కడ్డీకే నేరుగా బిగించి ఉంటుంది. రోజుకి కొన్ని వందలసార్లు దాన్ని కుడిచేత్తో తిప్పాలి. ఆసుపత్రిలో చూసి, ఇంక చక్రం సంగతి మర్చిపొమ్మన్నారు. దసూకికి యాభై ఏడేళ్ళు. వేరే పని రాదు. వేరే పని చేద్దామన్న సరదా అంతకన్నా లేదు. పొద్దున్నే లేచి, స్నానం చేసి, లేతుకు నూనె రాసి, దాని ముందు పీట వేసుకుని కూచునేవాడు. మట్టికూజాలో టీ పెట్టుకుని, పటికబెల్లం ముక్క కరిగేదాకా చూస్తూ ఉండేవాడు. అది కరిగాక ఇంకో ముక్క.

తర్సినా తాహు ఆచి చేసి అమ్ముతుంది. సోయా పాల జున్నుని మూలగా కోసి, మీద కర్రపెండలం పిండిముద్ద అద్ది, నూనెలో వేయించే తిండి అది. బేరం పెరిగింది, వంటిల్లు చాలడం లేదు. ఆవిడకి రెండు నోళ్ళ పెద్ద పొయ్యి కావాలి. పొయ్యికి ముందుగది కావాలి.

"మిషనూ ఊరికే ఉంది, మొగుడూ ఊరికే ఉన్నాడు" అంది ఒకరోజు. "ఇద్దర్లో ఒకళ్ళు లేవండి, నా పొయ్యి పెట్టుకుంటాను."

దసూకి టీ కూజా వంక చూసి, "నేను లేస్తాలే" అన్నాడు.

పక్కింటి వస్రిపిన్ సరిగ్గా అప్పుడే గుమ్మంలో నిలబడి నిన్నటి తాహు నములుతున్నాడు. వస్రిపిన్ పెళ్ళిళ్ళకి స్పీకర్లు అద్దెకిస్తాడు, పాడైన ఆంప్లిఫయర్లు బాగుచేస్తాడు. నలభై నాలుగేళ్ళు. నోరు మాత్రం వాడి స్పీకర్లకంటే పెద్దది. ఏడాది కిందట చెక్కమీద పెళ్ళివాళ్ళ పేర్లు దానంతటదే చెక్కే మిషనొకటి సొంతంగా తయారుచేసుకున్నాడు. అప్పట్నుంచీ ఏ చక్రం కనిపించినా దానికి మోటారు తగిలించాలని వాడికి చేతులు దురద. దసూకిని కాంగ్ అని, అంటే అన్నా అని, పిలుస్తాడు.

"కాంగ్, నువ్వు లేవక్కర్లేదు, మిషనూ లేవక్కర్లేదు" అన్నాడు. "చక్రం తిప్పడానికి నీ భుజమే ఎందుకు? మోటారు తిప్పుతుంది. ఎంత తిప్పాలో కంప్యూటరు చెబుతుంది. నువ్వు పీటమీద కూచుని టీ తాగు. ఎలాగూ తాగుతున్నావుగా."

"క్యై గుంతుర్‌కి కంప్యూటరా?" అన్నాడు దసూకి, తన తాతకి గోచీ మార్చి పంట్లాం వేస్తానని వాడు అన్నట్టు.

"తాతకి కళ్ళజోడు పెట్టడం లేదూ? అలాంటిదే."

దసూకి మూడురోజులు ఒప్పుకోలేదు. నాలుగోరోజు తనే చక్రం బోల్టులు ఎడమచేత్తో విప్పి, చక్రాన్ని గుడ్డతో తుడిచి, గోడకి మేకు కొట్టి తగిలించాడు. ఆ మేకు కింద కాసేపు నిలబడ్డాడు. తర్సినా పీట తీసుకొచ్చి వేసింది.

తర్వాత అయిదు వారాలు ముందుగది సంత. చక్రం ఉన్నచోట మోటారు కూచుంది. టూలును ముందుకీ వెనక్కీ జరిపేదానికి ఇంకో చిన్న మోటారు. తీగలన్నీ పోయి వస్రిపిన్ పాత స్పీకరు పెట్టెలో దూరాయి. ఆ పెట్టె మీద 'నవదంపతులకు శుభాకాంక్షలు' అని జావా అక్షరాల్లో బంగారు రంగుతో రాసి ఉంది, చెరిపితే పోలేదు. పాత కంప్యూటరు తెర ఒకటి పెట్టె మీద ఎక్కింది. దసూకి పీటమీద నుంచి ప్రతి బోల్టుకీ వంక పెట్టేవాడు. నిజానికి వస్రిపిన్‌కి అందని చోట్లన్నీ అతనే ఎడమచేత్తో బిగించాడు, బిగించిన ప్రతిసారీ తిట్టాడు. ఇద్దరూ అంత సంతోషంగా ఉండటం తర్సినా ఈమధ్య చూడలేదు.

అన్నీ బిగించడం ఒక గురువారం సాయంత్రానికి అయింది. మర్నాడు శుక్రవారం వస్రిపిన్‌కి పెళ్ళి బేరం లేదు. పొద్దున్నే వచ్చి, "కాంగ్, ఈ స్క్రూ కడ్డీకి లూజు ఎంతుంది?" అన్నాడు.

"లూజా? నా పళ్ళకుంది లూజు. దీనికి లేదు."

"పాతది కదా, ఎంతోకొంత ఉంటుంది. దిశ మార్చినప్పుడు కడ్డీ తిరుగుతుంది, బండి మాత్రం కదలదు. ఆ ఉత్తుత్తి తిరుగుడు ఎంతో చెబితే కంప్యూటరు ఆ మేరకు ఎక్కువ తిప్పుతుంది."

"ఇరవై ఎనిమిదేళ్ళు తిప్పినవాడు లేదంటే లేదురా!"

వస్రిపిన్ వినలేదు, సన్నటి కదలికని కూడా ముల్లుతో చూపించే డయల్ గేజి తెచ్చాడు. అయితే ఆ రోజు క్లివోన్. చక్ ముందర పూలగిన్నె ఉంది. నిన్న సాయంత్రం పెట్టిన పూలు, ఇంకా నవనవలాడుతున్నాయి.

"ఇది కాస్త జరుపుదామా?" అన్నాడు వస్రిపిన్ గొంతు తగ్గించి.

"నువ్వు జరుపు. నేను మసీదుకెళ్ళి నీకోసం ప్రార్థన చేస్తాను" అన్నాడు దసూకి.

వస్రిపిన్ వంటింటి వైపు చూశాడు. గిన్నె జోలికి పోలేదు. బండిని కుడి చివరకు, మోటారు దగ్గరకు తెచ్చుకుని అక్కడ కొలిచాడు. ఒకే కడ్డీ, ఎక్కడ కొలిస్తే ఏమిటి? కడ్డీ వెంట్రుకవాసి తిరిగేదాకా గేజి ముల్లు ఆగి, వెంటనే నడిచింది.

"చూశావా?" అన్నాడు దసూకి, ఆ కడ్డీని తానే కన్నట్టు. "పుట్టిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది."

ఆ వెంట్రుకవాసి అంకె కంప్యూటరులోకి పోయింది. దాన్ని మళ్ళీ ఎవరూ తలుచుకోలేదు.

పూలు వాడాక, ఆదివారం మొదటి బుష్షు. మోటారు తిరిగింది, బండి నడిచింది, ఇత్తడి చుట్టలు బంగారు జుట్టులా రాలాయి. ఎవరి చెయ్యీ తగలకుండా క్యై గుంతుర్ తనంతట తాను పనిచేస్తుంటే దసూకి నోరు తెరిచి చూశాడు. బుష్షు బయటికి వచ్చింది. వెర్నియర్ కొలబద్ద పెట్టాడు. లావు సరిపోయింది, నునుపు సరిపోయింది. గాడి దగ్గరికొచ్చేసరికి తప్పింది. గాడి ఉండాల్సిన చోటికి అర మిల్లీమీటరుకి కాస్త తక్కువ దూరంలో ఉంది.

"కొత్త కదా" అన్నాడు వస్రిపిన్.

రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఆ సమయానికే కస్ముది రేవు నుంచి వచ్చాడు. అరవై దాటినవాడు, ఎప్పుడు చూసినా డీజిలు వాసన. బుష్షు తీసుకుని గాడిలో రబ్బరు రింగు పెట్టి, తన జేబులోని ఇనుప గొట్టంలో దూర్చాడు. అటు పోలేదు, ఇటు రాలేదు.

"సూకి, ఈ బుష్షు దేనికిరా? పడవకా, స్నానాల గదిలో చిల్లుకా?"

"ఇంకా సరిచేస్తున్నాం, కాంగ్."

"సరిచేసుకోండి. చేపలకి తొందరేమీ లేదు, అవి ఎలాగూ నీళ్ళలోనే ఉంటాయి. మేమే మునుగుతాం."

తర్సినా గుమ్మంలోంచి ఇదంతా విన్నది. తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. మొగుణ్ణి ఆవిడ పిలిచేది పాక్నే అని.

"ఇదిగో పాక్నే, గడువు పెడుతున్నా. వచ్చే క్లివోన్ శుక్రవారం. ఆ రోజుకి కాంగ్ కస్ముది నోరెత్తకుండా తీసుకెళ్ళే బుష్షులు పది కావాలి. పదయితే ఇది ఇక్కడే ఉంటుంది, నేను పొయ్యి ఊసెత్తను. కాకపోతే గోడ పగలగొడదాం. ఇనపసామాన్లవాడికి కబురు నేను పంపుతా."

"పది చాలా?" అన్నాడు దసూకి ధీమాగా.

ఆ నెలంతా వాళ్ళు మార్చనిది లేదు. బెల్టు మార్చారు, మోటారు మార్చారు, పెట్టెలో తీగలు విప్పి మళ్ళీ కట్టారు. వస్రిపిన్ ఒక పెళ్ళిలో స్పీకర్లు మోగుతుండగానే లెక్కలు వేసుకుంటూ కూచుని, పెళ్ళికొడుకు పేరుకి బదులు 'అర మిల్లీమీటరు' అని మైకులో చెప్పాడని సందులో చెప్పుకున్నారు. అది అబద్ధమని వాడు ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. గాడి మాత్రం తన చోటు మార్చుకోలేదు. విచిత్రమేమిటంటే అంచు ఎప్పుడూ సరిగ్గానే వచ్చేది. ఎడమవైపు వెళుతూ కోసేది బాగుండేది, వెనక్కి వచ్చి కోసే గాడి తప్పేది. కుడి చివర ఖాళీలో బండిని నడిపించి చూస్తే ఏ తప్పూ లేదు. బుష్షు కోస్తే తప్పు.

"మనుషుల ముందు మంచిగా ఉండి, పని దగ్గర మొండికేస్తోంది" అన్నాడు వస్రిపిన్. "కాంగ్, ఇది అచ్చంగా నీ మిషనే."

చివరి వారం వచ్చేసరికి దసూకి జోకులు మానేశాడు. లేతుకి నూనె రాయడం మాత్రం మానలేదు. ఒక పొద్దున తర్సినా చూస్తే, గోడవంక తిరిగి, పగలగొట్టాల్సిన చోటు ఏదో వేళ్ళతో కొలుచుకుంటున్నాడు. ఆవిడ వెనక్కి వెళ్ళిపోయి, పిండి పిసుకుతూ చాలాసేపు ఆలోచించింది. తన గడువుని తానే వెనక్కి తీసుకునే రకం కాదు ఆవిడ. అలాగని ఊరుకునే రకమూ కాదు.

బుధవారం మధ్యాహ్నం ఇద్దర్నీ పిలిచి చెప్పింది.

"పేరు బరువైంది దానికి."

"ఏమిటి?"

"మా చిన్నాన్న కొడుక్కి రాజుగారి పేరు పెడితే అయిదేళ్ళు జ్వరాలే. మామూలు పేరు పెట్టారు, ఇప్పుడు చూడండి, ఎద్దులా ఉన్నాడు. ఇదీ అంతే. క్యై గుంతుర్! ఉరమాలంటే చెయ్యి కావాలి, తిప్పేవాడు కావాలి. మోటారు మీద బతికేదానికి అంత పేరెందుకు? రేపు పొద్దున్న ఎర్రజావ, తెల్లజావ కాస్తాను. పేరు మారుద్దాం."

"బాక్యు, దీనికి కావాల్సింది జావ కాదు…" అని వస్రిపిన్ మొదలుపెట్టాడు. బాక్యు అంటే అక్కా అని.

"నీకు నెల ఇచ్చాను. నాకు ఒక పొద్దున్న ఇవ్వలేవా?"

ఇవ్వలేనని ఎలా అంటాడు? పైగా జావలో కొబ్బరిపాలు పోస్తుంది.

గురువారం పొద్దున తర్సినా తలస్నానం చేసి, ఒక గిన్నెలో తెల్లజావ, ఇంకో గిన్నెలో తాటిబెల్లం వేసిన ఎర్రజావ పోసి, పళ్ళెంలో పెట్టి తీసుకొచ్చింది. పళ్ళాన్ని లేతు మీద పెట్టింది. ముగ్గురూ చాపమీద కూచున్నారు. ఆవిడ కళ్ళు మూసుకుని, తల్లి నేర్పిన నాలుగు మాటలూ, అరబ్బీలో నాలుగు మాటలూ చదివి, "ఇవాల్టినుంచీ నీ పేరు తెంత్రెం" అంది. తెంత్రెం అంటే నిమ్మళం. "ఉరమక్కర్లేదు. నిమ్మళంగా పని చేసుకో. అనండి."

"తెంత్రెం" అన్నాడు వస్రిపిన్, జావ మీదే చూపు పెట్టి.

దసూకి అనలేదు.

"పాక్నే, అను. ఇరవై ఎనిమిదేళ్ళ పేరు వదలడం కష్టమే, కానీ…"

"ఆ పళ్ళెం ఎక్కడ పెట్టావు?" అన్నాడు దసూకి.

"కళ్ళు కనపడ్డం లేదా? ఎప్పుడూ పూలగిన్నె పెట్టేచోటే. చక్ ముందర."

"రిపిన్" అన్నాడు దసూకి నెమ్మదిగా. "లూజు కొలిచిన రోజున గిన్నె ఇక్కడే ఉంది."

"ఉంది."

"మనం అక్కడ కొలిచాం. ఆ చివర."

"గిన్నె జరపొద్దన్నావుగా…" అంటూనే వస్రిపిన్ ఆగిపోయాడు. నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

"ఆ చివరకి నేనెప్పుడు వెళ్ళానురా? ఇరవై ఎనిమిదేళ్ళూ బుష్షులు కోసింది ఈ జానెడు చోటులోనే. అరిగితే ఇక్కడ అరగాలి. ఆ చివరది వాడితేగా, కొత్తగా ఉండక ఏమవుతుంది!"

వస్రిపిన్ గేజి కోసం లేచి పళ్ళెం మీద చెయ్యి వేశాడు. తర్సినా ఆ చెయ్యి మీద ఒక్కటి కొట్టింది.

"పేరుపెట్టిన జావ తినకుండా కదుపుతారా? తినండి ముందు."

"బాక్యు, కాలుతోంది!"

"ఊదుకో."

ఆ రెండు గిన్నెల జావ అంత వేగంగా తెగల్‌లో ఎవరూ తిని ఉండరు. వస్రిపిన్ నాలుక కాల్చుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఎర్రజావ అడుగంటా నాకాడు. దసూకి ఎడమచేత్తో తెల్లది తాగేశాడు. తెల్లజావ అడుగున మిగిలింది తర్సినా తినేదాకా ఇద్దరూ ఆవిడ చెంచా వంకే చూస్తూ కూచున్నారు. ఆవిడ కావాలనే నెమ్మదిగా తింది.

పళ్ళెం లేచింది. బండి చక్ దగ్గరకి వచ్చింది. గేజి పెట్టి, మోటారుని వెనక్కి తిప్పమన్నారు. కడ్డీ తిరిగింది. గేజి ముల్లు కదల్లేదు. ఇంకాస్త తిరిగింది. కదల్లేదు. అర మిల్లీమీటరుకి కాస్త తక్కువయ్యేసరికి, అప్పుడే నిద్రలేచినట్టు ముల్లు కదిలింది.

"లూజు లేదన్నావు కదా కాంగ్!" అని అరిచాడు వస్రిపిన్. కాలిన నాలుకతో మాట ముద్దగా వచ్చింది. "ఇందులో ఎలుక కాపరం పెట్టొచ్చు!"

"మరి నేను కోసినప్పుడు ఎప్పుడూ తప్పలేదే?"

అది నిజం. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దసూకి లేచి మేకు మీది చక్రాన్ని దింపి, ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. ఎడమచేత్తో తిప్పడం మొదలుపెట్టాడు. అంచు కోసినట్టు ముందుకి. తర్వాత వెనక్కి, గాడి చోటికి. చెయ్యి ఆ చోటు దాటి ఇంకో పావుచుట్టు వెనక్కి పోయింది, మళ్ళీ ముందుకి వచ్చి ఆగింది. దసూకి కళ్ళు తెరిచి తన చేతివంక, దొంగని పట్టుకున్నట్టు చూశాడు.

"ఇలా చేసేవాణ్ణా నేను?"

"రోజూ" అంది తర్సినా. "దాటి వెళ్ళి వెనక్కి వచ్చేటప్పుడు టక్కుమనేది. వంటింట్లో వినేదాన్ని. ఒక టక్కుకి ఒక బుష్షు. పది టక్కులైతే నీకు టీ పెట్టేదాన్ని."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"నువ్వు చేసే పని నీకు చెప్పాలా? మోటారొచ్చాక ఆ టక్కు లేదు. మోటారుకి అక్కర్లేదేమో అనుకున్నా."

ముందు వస్రిపిన్ నవ్వాడు. దసూకి నవ్వాడు. భుజం నొప్పి పుట్టేదాకా నవ్వి, "అమ్మా" అని భుజం పట్టుకుని మళ్ళీ నవ్వాడు.

"ఇరవై ఎనిమిదేళ్ళూ కడ్డీ తప్పుని నీ చెయ్యి కప్పిపుచ్చింది కాంగ్. మనం చెయ్యిని తీసేసి కడ్డీనే అడిగాం."

"సరే, అంకె మారుస్తావా?"

"అంకె ఒక్కటి మారిస్తే చాలదు. జానెడు చోటులో ఒక్కోదగ్గర ఒక్కోలా అరిగి ఉంటుంది."

"అయితే అంకె వదిలెయ్. నా చెయ్యి ఎలా చేసేదో అలా చెయ్యమను. దాటి పొమ్మను, ముందుకి రమ్మను, అక్కడ ఆగమను. ఎప్పుడూ ఒకే వైపునుంచి వస్తే లూజు ఎంతుంటే ఏం?"

వస్రిపిన్ కంప్యూటరు ముందు కూచున్నాడు. రెండే రెండు వరసలు రాశాడు. ఒకటి దాటి పోవడానికి, ఒకటి తిరిగి రావడానికి. మోటారు తిరిగింది. బండి అంచు కోసి, వెనక్కి వెళ్ళి, గాడి చోటు దాటింది. దాటి, ముందుకి వచ్చింది.

టక్.

వంటింటి వైపు వెళుతున్న తర్సినా గుమ్మంలోనే ఆగిపోయింది.

ఆ బుష్షుకి వెర్నియర్ పెట్టింది దసూకే. పెట్టి, వస్రిపిన్ చేతికిచ్చాడు. వాడు చూసి, తర్సినా చేతికిచ్చాడు. ఆవిడకి వెర్నియర్ చదవడం రాదు. వాళ్ళ మొహాలు చదవడం వచ్చు.

"ఇంకా తొమ్మిది" అంది.

సాయంత్రానికి పది పూర్తయ్యాయి. చివరిదాని ముందు తర్సినా పూలగిన్నె పట్టుకుని వచ్చి నిలబడింది. మర్నాడు క్లివోన్. చక్ ముందర బండి నడుస్తోంది.

"ఇక్కడ మాత్రం వద్దు బూనే" అన్నాడు దసూకి పెళ్ళాన్ని బతిమాలుతూ. "దీనికి పేరు మారింది. గిన్నె చోటు కూడా మారకూడదా?"

ఆవిడ కాసేపు ఆలోచించింది. చుట్టూ చూసింది. గిన్నె తీసుకెళ్ళి స్పీకరు పెట్టె మీద, కంప్యూటరు తెర పక్కన పెట్టింది. "తల అక్కడుందిగా ఇప్పుడు" అంది. వస్రిపిన్ నీళ్ళు ఒలుకుతాయని గగ్గోలు పెట్టి, చివరికి గిన్నె కింద ఒక పళ్ళెం దూర్చి ఊరుకున్నాడు.

శుక్రవారం మసీదు నుంచి వస్తూ కస్ముది నేరుగా వచ్చాడు. చాపమీద పది బుష్షులు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని గాడిలో రింగు పెట్టి, బొటనవేలితో గొట్టంలోకి నెట్టాడు. మొదటిది పోయింది. నాలుగోది పోయింది. పదోది పోయాక లేచి నిలబడి దసూకి కుడి భుజం మీద గట్టిగా చరిచాడు. దసూకి కెవ్వుమన్నాడు.

"నిజంగానే నొప్పా? నేను నాటకమనుకున్నా" అన్నాడు కస్ముది. "ఇవి చేత్తో చేసినవిరా. నన్ను వెర్రివాణ్ణి చెయ్యకండి. సూకి చెయ్యి నాకు తెలీదా?"

"మిషనే చేసింది, కాంగ్ కస్ముది" అంది తర్సినా. "కూచోండి, చూపిస్తారు."

పదకొండోది అతని కళ్ళముందే చేశారు. బండి గాడి చోటు దాటి పోయింది.

"అదిగో, దాటేసింది! నేను చెప్పలా…"

టక్.

బండి ముందుకి వచ్చి ఆగింది. కస్ముది మాట మధ్యలో ఆగిపోయి, లేతువంకా, పీటమీద చేతులు కట్టుకుని కూచున్న దసూకివంకా మార్చి మార్చి చూశాడు. "ఓరి నీ…" అన్నాడు. ఆ మాట పూర్తిచేయలేదు, తర్సినా ఉందని. పదకొండు బుష్షులూ లుంగీలో మూటకట్టుకుని, "సోమవారానికి ఇరవై" అని వెళ్ళిపోయాడు.

గోడ నిలిచింది. తర్సినా మాటమీద నిలబడి పొయ్యి ఊసెత్తలేదు. ఆవిడ ఎత్తకుండానే దసూకి ఎత్తాడు. కిటికీ బయట చూరు కింద, లేతు గదిని ఆనుకుని చోటుంది కదా, రేకు వేస్తే చాలు. పైగా మోటారు నడుస్తుంటే తను పీటమీద కూచుని చేసేదేముంది, టీ తాగడం తప్ప?

ఇప్పుడు మీరు ఏ పొద్దున వెళ్ళినా అతన్ని అక్కడే చూస్తారు. రెండు నోళ్ళ పొయ్యి ముందు, ఎడమచేత్తో జల్లెడగరిటె పట్టుకుని తాహు వేయిస్తుంటాడు. చెవి మాత్రం కిటికీలో ఉంటుంది. పది టక్కులు అయ్యాయంటే తర్సినాకి టీ పెడతాడు. లెక్క మధ్యలో ఒక టక్కు కాస్త తేడాగా వినిపిస్తే గరిటె గాలిలోనే ఆగిపోతుంది. కళ్ళు మూసుకుంటాడు, కుడిచెయ్యి ఒళ్ళోనే సన్నగా పావుచుట్టు తిరుగుతుంది.

"మాడుతున్నాయి, పాక్నే!"

"ఉండవే, ఏడోది వినబడనీ."